పాత కారు, తప్పని ప్రయాణం

మా నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్ జరగాలి. మంగళ, గురు, శనివారాలు. ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ మీద ఉండాలి. మాది చిలకలూరిపేట, ఆసుపత్రి గుంటూరులో. మధ్యలో నలభై కిలోమీటర్ల హైవే. పండగైనా, బందైనా, మాకు జ్వరమొచ్చినా ఈ ప్రయాణం ఆగడానికి వీల్లేదు. దీనికి మాకున్న ఆధారం, పదేళ్ళు దాటాక మా ఇంటికొచ్చిన ఒక జర్మన్ కారు. కంపెనీ పేరు రాయను. ఖరీదైన కార్లు ఏ కంపెనీవైనా పాతబడితే ఇంచుమించు ఇవే చోట్ల పాడవుతాయని నాకు మెకానిక్కులే చెప్పారు. ఆ చోట్లేమిటో, అక్కడ మా కుటుంబం ఏమేం పోగొట్టుకుందో మాత్రం చెప్పాలనుకుంటున్నాను.

"అంత పెద్ద కారు మీకెందుకమ్మా, అమ్మేసి చిన్నది కొనుక్కోండి" అని అడగనివాళ్ళు లేరు. నాన్నకు ఏళ్ళ తరబడి షుగరు. 2020లో రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. కిడ్నీలు పోయినవాళ్ళకు ఎముకల్లో సత్తువ తగ్గిపోతుంది. ఆ ఏడాదే బాత్రూంలో జారి కూలబడితే వెన్నుపూస ఒకటి నలిగింది. గుండె పరిస్థితి చూసి ఆపరేషన్ వద్దన్నారు. అప్పటి నుంచి ఆటోలోనైనా టాక్సీలోనైనా రోడ్డు మీద ప్రతి గతుకూ ఆయన వెన్నులోకే వచ్చేది. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోతుంది, కూర్చోలేరు, వెనక్కి వాలి పడుకోవాలి. గుంటూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు పంటి బిగువున ఆయన మింగుకున్న మూలుగులు నాకు తెలుసు.

మా మావయ్య హైదరాబాదులో ఉండేవాడు. 2021లో కొడుకు దగ్గరికి అమెరికా వెళ్ళిపోతూ తన కారు మాకిచ్చాడు. 2010 మోడల్, డీజిల్, ఆరు సిలిండర్ల ఇంజను, ఆటోమేటిక్ గేర్లు. "బావ వెన్నుకి ఇది తప్ప వేరే బండి పనికిరాదు, తీసుకెళ్ళమ్మా" అన్నాడు. ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ కారులో స్ప్రింగులుండవు. నాలుగు చక్రాల దగ్గరా గాలి నింపిన రబ్బరు తిత్తులుంటాయి, బండి బరువంతా వాటి మీదే. ముందు సీటు పూర్తిగా వెనక్కి వాలుతుంది. మొదటి రోజు గుంటూరు వెళ్ళి తిరిగొచ్చాక నాన్న ఎవరి సాయమూ లేకుండా దిగి వరండా దాకా నడిచారు. అమ్మ ఏడ్చేసింది. ఆ కారును మేమెందుకు వదులుకోలేకపోయామో చెప్పడానికి ఇంతకంటే నా దగ్గర వేరే కారణం లేదు.

కష్టాలు ఆ గాలితిత్తుల దగ్గరే మొదలయ్యాయి.

రబ్బరుకు వయసుంటుంది. మన ఎండలకు, దుమ్ముకు ఆ తిత్తి మడత పడే చోట సన్నని పగుళ్ళు వస్తాయి. గాలి కొద్దికొద్దిగా పోతుంది. రాత్రి నిలబెట్టిన బండి తెల్లారేసరికి ఒక మూల కిందికి దిగి ఉంటుంది. ఇంజను స్టార్ట్ చేస్తే కంప్రెసర్ గాలి కొట్టి మళ్ళీ పైకి లేపుతుంది. లేచింది కదా అని ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ కంప్రెసర్‌ను అప్పుడప్పుడు కాసేపు మాత్రమే తిరిగేలా తయారుచేశారు. ఎక్కడో గాలి పోతుంటే అది ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, వేడెక్కుతుంది, చివరికి కాలిపోతుంది. దానికి కరెంటిచ్చే రిలే అతుక్కుపోతే బండి ఆపేసినా కంప్రెసర్ ఆగదు, బ్యాటరీ కూడా ఖాళీ అయిపోతుంది.

మా బండి ముందు ఎడమ మూల దిగడం చూసి విజయవాడలో కంపెనీ సర్వీస్ సెంటరుకు తీసుకెళ్ళాను. కంప్యూటర్ పెట్టి చూశారు. "కంప్రెసర్ ఎర్రర్ వస్తోంది మేడం, మార్చాలి" అన్నారు. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి మార్పించాం. బండి చక్కగా లేచింది. కొన్ని నెలలకే మళ్ళీ అదే మూల దిగడం మొదలైంది. మళ్ళీ వెళ్తే "చెక్ చేయాలి, వారం పడుతుంది" అన్నారు. మాకు వారం ఎక్కడిది? మంగళవారానికీ గురువారానికీ మధ్య ఒకే ఒక్క రోజు.

తర్వాత జరిగింది రాయడం నాకు కష్టంగానే ఉంది. శనివారం డయాలసిస్ అయితే మళ్ళీ మంగళవారమే. వారంలో అదే పెద్ద విరామం. ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుపోయేది ఆ రెండు మూడు రోజుల్లోనే. అందుకే మంగళవారం తప్పిపోతే ప్రమాదం. ఆ మంగళవారం తెల్లవారుజామున, ఆరు గంటల షిఫ్టుకు బయల్దేరదామని గేటు తీస్తే ముందు భాగం మొత్తం నేలకు ఆనుకుని ఉంది. స్టార్ట్ చేస్తే లేవలేదు. కొత్త కంప్రెసర్ కూడా కాలిపోయింది. చక్రం పైనున్న రేకు టైరును నొక్కేస్తోంది, అలా నడిపితే టైరు చీలిపోతుంది. ఆ వేళకు టాక్సీ దొరకలేదు. ఎవరినో బతిమాలి కారు తెప్పించి గుంటూరు చేరేసరికి మా మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. వాళ్ళను అనడానికి లేదు, అక్కడ వరసలో ఉన్న ప్రతి మనిషిదీ మా పరిస్థితే. మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు. ఇంటికి తీసుకొచ్చాం. రాత్రి పదకొండుకి నాన్నకు ఊపిరి అందలేదు. పడుకోలేకపోతున్నారు, కూర్చోలేకపోతున్నారు, నోరు తెరిచి గాలి కోసం చూస్తున్నారు. 108కి ఫోన్ చేశాం. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆక్సిజన్ పెట్టి అర్ధరాత్రి డయాలసిస్ చేస్తే తెల్లారేసరికి బయటపడ్డారు. ఐసీయూ బయట బెంచీ మీద అమ్మ నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ రాత్రి తర్వాత ఆ బండి గురించి తెలుసుకోవాల్సిందంతా నేనే తెలుసుకోవాలని అనుకున్నాను. వేరే దారి లేదు.

బండిని మంచంలాంటి ట్రక్కు మీదికెక్కించి విజయవాడ ఆటోనగర్ పంపాం. ఇలాంటి బండిని తాడుకట్టి లాగకూడదు. చక్రాలు నేల మీద తిరుగుతుంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సు దెబ్బతింటుంది. తెలియనివాళ్ళు లాగి మరో ఖర్చు తెచ్చిపెడతారు. ఆటోనగర్‌లో సస్పెన్షన్ పనులే చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. కంప్యూటర్ కంటే ముందు సబ్బునీళ్ళ సీసా తీశాడు. బయటి పంపుతో గాలి పెట్టి, రబ్బరు తిత్తి మీద సబ్బునీళ్ళు చల్లి టార్చి వేసి చూపించాడు. మడతలో సన్నగా బుడగలు. "అమ్మా, గాలి ఎక్కడ పోతుందో చూడకుండా పంపు మారిస్తే ఆ పంపు మాత్రం ఎన్నాళ్ళుంటుంది?" అన్నాడు. అంతే విషయం. కంప్యూటర్ చెప్పింది అబద్ధం కాదు. కంప్రెసర్ నిజంగానే పోయింది. అదెందుకు పోయిందో అడిగినవాళ్ళు లేరు. ముందు రెండు తిత్తులూ, కంప్రెసరూ, రిలే కూడా మార్చాడు. రిలే ధర ఆ బిల్లులో ఏ మూలకూ రాదు, కానీ పాత రిలేనే ఉంచితే కొత్త కంప్రెసర్‌ను అదే కాల్చేస్తుందని పాత దాని మూత విప్పి నల్లబడిన పాయింట్లు నాకు చూపించాడు.

గాలి సస్పెన్షన్ తీసేసి మామూలు స్ప్రింగులు వేయించుకోమని చాలామంది సలహా ఇచ్చారు. ఖర్చు తక్కువే. కానీ నాన్న వెన్ను కోసం పెట్టుకున్న బండికి ఆ మెత్తదనం తీసేస్తే ఇక దానితో మాకేం పని?

మరుసటి వేసవిలో ఏసీ బ్లోయర్ ఆగిపోయింది. మే నెలలో గుంటూరు ఎండ గురించి చెప్పక్కర్లేదు. దాన్ని నడిపే చిన్న రెగ్యులేటర్ కాలిపోయింది, బాగుచేయడం ఒక్క పూటలో అయిపోయింది. కూలెంట్ డబ్బా ప్లాస్టిక్ పసుపు పచ్చబడి పగిలింది. ముందు చక్రాల ఆర్ములకుండే రబ్బరు బుష్‌లు చీలిపోయి స్పీడు బ్రేకర్ల మీద టకటకమనేవి. ఇవి ఏ పాత బండికైనా ఉండేవే, వీటిని నేను కష్టాల్లో లెక్కపెట్టను.

ఆయిలు కారడం మాత్రం అలాంటిది కాదు. బండి నిలబెట్టిన చోట రోజూ నల్లటి మరక. ఇంజను, గేర్‌బాక్సు కలిసే చోటు నుంచి చుక్కలు పడుతున్నాయి. సర్వీస్ సెంటరులో లిఫ్టు మీద పెట్టి చూసి, క్రాంకు వెనక ఆయిల్ సీలు పోయింది, గేర్‌బాక్సు దించాలి అన్నారు. ఎస్టిమేట్ కాగితం చూసి నేను ఏమీ మాట్లాడకుండా బయటికొచ్చేశాను. నాన్నకు చెప్పలేదు.

ఆటోనగర్ పెద్దాయన ఇంజను పనివాడి దగ్గరికి పంపాడు. చిన్న కుర్రవాడు, ముప్పై దాటి ఉండవు. బానెట్ ఎత్తి, సన్నని గొట్టానికి కెమెరా ఉన్నది తీసుకుని ఇంజను మధ్యలోకి దించాడు. ఆ ఇంజనులో సిలిండర్లు మూడు ఇటు, మూడు అటు, మధ్యలో లోయలా ఉంటుంది. ఆయిలును చల్లబరిచే కూలర్ ఆ లోయ అడుగున కూర్చుని ఉంటుంది, దాని పైన టర్బో, గాలి గొట్టాలు. కూలర్ కింద ఉండే రబ్బరు సీళ్ళు వేడికి గట్టిపడి పెళుసుబారతాయి. ఆయిలు ఆ లోయలో మడుగు కట్టి, వెనక వైపున్న చిన్న రంధ్రం గుండా గేర్‌బాక్సు దగ్గరికి జారుతుంది. కింది నుంచి చూసేవాళ్ళకు క్రాంకు సీలు పోయినట్టే కనిపిస్తుంది. ఆ కుర్రవాడు ఫోనులో చూపించాడు. లోయ నిండా ఆయిలు మెరుస్తోంది. గేర్‌బాక్సు దించి ఉంటే ఎంత ఖర్చు పెట్టినా ఆ చుక్కలు ఆగేవి కావు. సీళ్ళ ఖరీదు కొన్ని వందలే. పనే పెద్దది. టర్బో, గాలి గొట్టాలన్నీ ఊడదీస్తే తప్ప చెయ్యి అక్కడికి చేరదు. ఆదివారం పొద్దున మొదలుపెట్టి, షాపులోనే పడుకుని, సోమవారం రాత్రికి బిగించి ఇచ్చాడు. మంగళవారం మేము గుంటూరు వెళ్ళాం. వేడిని ఇంకా బాగా తట్టుకునే రబ్బరుతో తర్వాత వచ్చిన ఊదారంగు సీళ్ళు వేశానని, పాతవి ఒక కవరులో పెట్టి నా చేతికిచ్చాడు. వేలితో వంచితే విరిగిపోయాయి.

గేర్‌బాక్సు మాత్రం నిజంగానే మొరాయించిన రోజుంది. గుంటూరు వెళ్తూ యడ్లపాడు దాటగానే బండి ఒక్క కుదుపుతో ఒకే గేరులో ఉండిపోయింది, ఎంత తొక్కినా వేగం పెరగదు. లోపలి భాగాలు చెడిపోకుండా గేర్‌బాక్సు తనను తాను అలా కట్టేసుకుంటుంది. హైవేలో లారీలు హారన్లు కొడుతూ పక్క నుంచి దూసుకుపోతున్నాయి. హజార్డ్ లైట్లు వేసుకుని ఎడమ అంచున మెల్లగా పోనిచ్చాను. నాన్న కళ్ళు మూసుకుని "నువ్వు కంగారుపడకు తల్లీ, వాళ్ళే చూసుకుని పోతారు" అన్నారు. షిఫ్టు అందింది. గేర్‌బాక్సు లోపల వేగాన్ని కొలిచే సెన్సార్లున్న పలక పోయిందని తేలింది. ఆ గేర్‌బాక్సు ఆయిలు బండి జీవితమంతా మార్చక్కర్లేదని మావయ్యకు కొన్నప్పుడు చెప్పారట. తీసి చూస్తే తారులా నల్లగా ఉంది. మార్చక్కర్లేదనే ఆ మాటను ఖరీదైన పాత బండి ఉన్నవాళ్ళెవరూ నమ్మవద్దని గట్టిగా చెబుతాను. ఆయిలు ఏదైనా వేడికి చెడిపోతుంది.

వీటన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది ఇంకొకటుంది. 2023 చలికాలం. డయాలసిస్ అయ్యాక నాన్నను చక్రాల కుర్చీలో తెచ్చి సీట్లో పడుకోబెట్టాను. తాళంచెవి పెట్టాను. ఏమీ లేదు. డ్యాష్‌బోర్డు వెలగలేదు, స్టీరింగ్ కదల్లేదు. బ్యాటరీ బాగానే ఉంది, లైట్లు వెలుగుతున్నాయి. బండికి మాత్రం నేనెవరో తెలియనట్టుంది. బయట చీకటిపడుతోంది, నాన్న చేతులు చల్లబడుతున్నాయి. ఆయన్ని మళ్ళీ దించి, వార్డులోకి తీసుకెళ్ళి, నర్సును బతిమాలి ఒక మంచం అడిగాను.

గుంటూరులో ఒక ఎలక్ట్రీషియన్ వచ్చాడు. స్కానర్ పెట్టాడు. స్టీరింగును తాళం వేసే పెట్టెలో ఒక చిన్న మోటారు ఉంటుంది, అది అరిగిపోయింది. అది తాళం తీశానని చెబితేనే బండి మేలుకుంటుంది. స్టీరింగ్ కాలమ్ కింద చెక్కపిడితో నాలుగుసార్లు తట్టాడు. మోటారు కదిలింది, డ్యాష్‌బోర్డు వెలిగింది. "ఇంజను ఆపకుండా ఇంటికెళ్ళిపోండక్కా. మళ్ళీ లేస్తుందని నేను చెప్పలేను" అన్నాడు. జబ్బేమిటో అతనికి తెలుసు. పెట్టె విప్పడం తెలుసు. కొత్త పెట్టె తెచ్చి బిగించడం కూడా తెలుసు. కానీ బిగించినా బండి దాన్ని ఒప్పుకోదు. కంపెనీ సర్వరుకు కలిపి, ఈ బండికి ఇదే పెట్టె అని నమోదు చేస్తేనే పనిచేస్తుంది. ఆ అనుమతి అతనికి లేదు. దొంగతనం జరగకుండా పెట్టిన ఏర్పాటని నాకు తెలుసు, దాన్ని నేను కాదనను. కానీ బండి కాగితాలు, ఆధార్ కార్డు పట్టుకుని యజమాని ఎదురుగా నిలబడి ఉంటే దొంగ ఎవరు? కొత్త పెట్టె విదేశం నుంచి రావాలి, వారాలు పడుతుందన్నారు. అది వచ్చేదాకా గుంటూరు వెళ్ళినప్పుడల్లా నాన్న మిషన్ మీద ఉన్న నాలుగు గంటలూ నేను ఇంజను ఆపకుండా కారులో కూర్చునేదాన్ని. డీజిల్ కాలుతుంటే బంకు బిల్లు లెక్కపెట్టుకుంటూ, ఆయన పక్కన ఉండాల్సిన సమయంలో పార్కింగులో ఉన్నాను. ఆ గంటలు నాకు ఎవరూ తిరిగివ్వలేరు.

ఆ పార్కింగులో కూర్చునే చదివాను. మన దేశంలో ఈ విషయం మీద ఎప్పుడో తీర్పు వచ్చింది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా పద్నాలుగు కార్ల కంపెనీల మీద మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలనూ, జబ్బు కనిపెట్టే పరికరాలనూ బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారన్నది నేరం. వాటిని బయటివాళ్ళకు అందేలా ఏర్పాటు చేయమని ఆదేశించింది. ఒక మామూలు వినియోగదారు 2011లో పెట్టిన ఫిర్యాదుతో అది మొదలైంది. తర్వాత అప్పీళ్ళు నడిచాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది, అందులో కార్లు కూడా ఉన్నాయి. ఇవన్నీ మంచివే. అయినా గుంటూరులో ఆ ఎలక్ట్రీషియన్ చేతిలో స్కానర్ ఉంది, విద్య ఉంది, అనుమతి లేదు. తీర్పు కాగితం మీద నుంచి అతని షాపు దాకా రాలేదు.

2024 ఆగస్టు ఆఖరి వానలు మా జిల్లాలో ఎవరూ మరిచిపోరు. బుడమేరు పొంగి విజయవాడ మునిగిన వారం అది. మా ఇంటి ముందు వేపచెట్టు కింద కారు ఉండేది. సన్‌రూఫ్ చుట్టూ పడిన నీళ్ళు బయటికి పోవడానికి నాలుగు మూలలా సన్నని గొట్టాలుంటాయి, డోర్ల పక్క స్తంభాల లోపలి నుంచి కిందికి దిగుతాయి. వేపాకు పొడి, దుమ్ము చేరి అవి మూసుకుపోయాయి. నీళ్ళు లోపలికి దిగాయి. పైన కార్పెట్ ముట్టుకుంటే కొంచెం చెమ్మగా ఉందంతే. కానీ దాని కింద మందపాటి స్పాంజి ఉంటుంది, అది నీళ్ళను పీల్చుకుని నెలల తరబడి వదలదు. సీటు కింది వైర్ల కనెక్టర్లు అందులో నానిపోయాయి. ముందు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది. తర్వాత నాన్న పడుకునే సీటు వెనక్కి వాలడం ఆగిపోయింది.

ఆ వారం విజయవాడ వెళ్ళే మాటే లేదు. నిటారుగా ఉన్న సీట్లో దిండ్లు పెట్టి తీసుకెళ్ళాం. వెళ్ళేటప్పుడు ఓర్చుకున్నారు. వచ్చేటప్పుడు అంకిరెడ్డిపాలెం దగ్గరే బీపీ పడిపోయి తల వాల్చేశారు. అమ్మ వెనక సీట్లో నుంచి ముందుకు వంగి ఆయన తలను రెండు చేతులతో పట్టుకుని ఇల్లు చేరేదాకా అలాగే కూర్చుంది. అప్పటికి అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు.

సీటు మోటారు మొత్తం మార్చాలని ఫోనులోనే చెప్పారు ఒక చోట. నేను ఒప్పుకోలేదు. గుంటూరు ఎలక్ట్రీషియన్ మా ఇంటికే వచ్చి సీటు విప్పాడు, కార్పెట్ ఎత్తాడు. కనెక్టరు పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. స్పాంజి పిండితే బకెట్టులోకి మురికినీళ్ళు కారాయి. పిన్నులు శుభ్రం చేసి, తెగిన రెండు వైర్లు అతికించి, స్పాంజిని ఎండలో ఆరబెట్టమన్నాడు. సీటు కదిలింది. మోటారుకు ఏమీ కాలేదు. సన్‌రూఫ్ గొట్టాల్లోకి మెత్తటి ప్లాస్టిక్ తీగ దూర్చి ఎలా శుభ్రం చేయాలో నాకు నేర్పాడు. గొట్టంలోకి గట్టిగా గాలి కొట్టవద్దన్నాడు, కొడితే లోపల అతుకు ఊడిపోయి నీళ్ళు ఇంకా లోపలికే వస్తాయట. అప్పటి నుంచి వానాకాలానికి ముందొకసారి, ఆకు రాలే కాలం తర్వాత ఒకసారి నేనే చేస్తున్నాను.

మా డబ్బంతా లెక్కవేసి చూశాను. పాడైన భాగాలకు అయిన ఖర్చు మేము మోయగలిగేదే. ఎందుకు పోయిందో చూడకుండా భాగం మార్చినందుకు, మార్చిన భాగం మళ్ళీ పోయినందుకు అయిన ఖర్చే అమ్మ గాజులను ఇంకా బ్యాంకులో ఉంచింది. ఇలాంటి బండిని చంపేది ఇంజను కాదు. ఎక్కువగా రబ్బరు, ప్లాస్టిక్, నీళ్ళు, ఈ మూడే. వాటిని కనిపెట్టడానికి సబ్బునీళ్ళు, ఒక టార్చి, చిన్న కెమెరా, ఓపికగా చూసే మనిషి చాలు. అలాంటి మనుషులు ఆటోనగర్‌లో ఉన్నారు, గుంటూరు సందుల్లో ఉన్నారు. మా నాన్న ప్రాణం నిలిపిన వాళ్ళలో డాక్టర్లతో పాటు వాళ్ళను కూడా లెక్కవేస్తాను, ఇది మర్యాద కోసం అంటున్న మాట కాదు.

2025లో బండికి పదిహేనేళ్ళు నిండాయి. రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి 5,000 రూపాయల ఫీజు కట్టి, ఫిట్‌నెస్ చూపించాం. ఇంకో ఐదేళ్ళకు ఇచ్చారు. నాన్న ఇప్పటికీ అదే సీట్లో పడుకుని వెళ్ళి వస్తున్నారు.

ఇంట్లో రోగి ఉండి, పాత పెద్ద కారు మీద ఆధారపడిన కుటుంబాలు ఇంకా ఉన్నాయని నాకు తెలుసు, డయాలసిస్ వార్డు బయట వాళ్ళను చూస్తూనే ఉన్నాను. మీతో చెప్పేది ఇదీ. ఏ భాగమైనా మార్చాలంటే అది ఎందుకు పోయిందో కళ్ళతో చూపించమనండి. తీసేసిన పాత భాగాన్ని మీ చేతికి ఇవ్వమని అడిగి తీసుకోండి. ఎస్టిమేట్, జాబ్ కార్డు, బిల్లు మూడూ దాచుకోండి. అన్యాయం జరిగిందనిపిస్తే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్లో నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే మీరుండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్లో కేసు వేయవచ్చు, మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. కంపెనీలను, ప్రభుత్వాన్ని నేను అడిగేది ఒక్కటే. యజమాని కాగితాలతో ఎదురుగా ఉన్నప్పుడు, కొత్త భాగాన్ని బండికి నమోదు చేసే అనుమతిని చేతనైన బయటి మెకానిక్‌కు కూడా ఇవ్వండి. 2014లో వచ్చిన ఆదేశం గుంటూరులో ఆ ఎలక్ట్రీషియన్ షాపులో ఇంకా అమలు కాలేదు.